ఏవియానిక్స్ పరికరానికి విమానయాన ధ్రువీకరణ: హైదరాబాదు తయారీదారులు నడవవలసిన దారి

బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం 1965లో మొదలైంది, ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. కాబట్టి విమాన ఎలక్ట్రానిక్స్ పని హైదరాబాదుకు కొత్త కాదు. ఆ తరువాతి తరంలో మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో కూర్చుని విదేశీ కంపెనీల విమాన కంప్యూటర్లకు టెస్ట్ కేసులు రాసినవారు, కవరేజీ నివేదికలు (పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో చూపేవి) తయారు చేసినవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. అయితే వారిలో చాలామంది చూసింది ఆ ప్రయాణంలో నడిమి భాగాన్ని మాత్రమే. ప్రమాద విశ్లేషణ అప్పటికే ఎక్కడో జరిగిపోయి ఉండేది, అనుమతి పత్రం మరెక్కడో చేతికందేది. అటువంటి అనుభవంతో సొంతంగా ఒక పరికరాన్ని తయారు చేయడానికి పూనుకున్నవారు మొదలూ చివరా తెలియక తడబడటం నేను చాలాసార్లు దగ్గరగా చూశాను. ఈ వ్యాసం వారి కోసం.

ఒక చిన్న సంస్థ ఎయిర్ డేటా కంప్యూటర్‌ను తయారు చేయదలచిందని అనుకుందాం. పిటో గొట్టం ఎదురుగాలి పీడనాన్ని, విమానం పక్కభాగంలో ఉండే స్టాటిక్ రంధ్రాలు చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని అందిస్తే, ఈ పెట్టె ఆ రెండింటి నుంచి ఎత్తునూ వేగాన్నీ లెక్కగట్టి పైలట్ ముందున్న తెరకూ ఆటోపైలట్‌కూ పంపుతుంది. వినడానికి చిన్న పనే గానీ, ధ్రువీకరణలోని చిక్కులన్నీ ఈ ఒక్క పెట్టెలోనే కనిపిస్తాయి కనుక చివరి దాకా దీనినే ఉదాహరణగా తీసుకుంటాను.

ఎవరిని అడగాలి, ఏమి అడగాలి

మన దేశంలో పౌర విమానాలకు సంబంధించి అనుమతులిచ్చే సంస్థ డీజీసీఏ. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. డిజైన్, తయారీ అనుమతుల వివరాలు మాత్రం సీఏఆర్-21 అనే నిబంధనావళిలో ఉంటాయి. బేగంపేటలో డీజీసీఏ ప్రాంతీయ కార్యాలయం ఉన్నప్పటికీ, కొత్త డిజైన్ల పరిశీలన ఢిల్లీలోని ప్రధాన కార్యాలయానికి చెందిన ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీరింగ్ డైరెక్టరేట్ చేస్తుందని ముందే తెలుసుకుంటే అనవసరమైన తిరుగుళ్లు తప్పుతాయి.

ఇక్కడ రెండు అనుమతులు వేరువేరుగా ఉన్నాయన్న సంగతి బాగా గుర్తుంచుకోవాలి. మొదటిది పరికరానికి సంబంధించినది. ఆ రకం పరికరం కనీసంగా ఎంత బాగా పని చేయాలో చెప్పే ప్రమాణాన్ని అమెరికాలో టీఎస్‌ఓ అనీ, ఐరోపాలో ఈటీఎస్‌ఓ అనీ, మన దేశంలో ఐటీఎస్‌ఓ అనీ అంటారు. ఎయిర్ డేటా కంప్యూటర్‌కు అమెరికా ప్రమాణం టీఎస్‌ఓ-సీ106. అది ప్రమాణాలు రూపొందించే ఎస్‌ఏఈ సంస్థ ప్రచురించిన ఏఎస్8002 పత్రంపై ఆధారపడుతుంది. అదే విధంగా రేడియో ఆల్టిమీటర్‌కు సీ87, ఎదురు విమానాల గురించి హెచ్చరించే టీకాస్‌కు సీ119, నేల దగ్గరపడుతోందని హెచ్చరించే టాస్‌కు సీ151 ఉన్నాయి. రెండవ అనుమతి ఆ పరికరాన్ని ఫలానా రకం విమానంలో అమర్చడానికి సంబంధించినది. మొదటి పత్రం చేతికి రాగానే పని అయిపోయిందని భావించి విమానాల యజమానులకు మాట ఇచ్చేసినవారు ఆ తరువాత ఎంతో ఇబ్బంది పడ్డారు. ఆ పత్రం చెప్పేది పెట్టె ప్రమాణానికి తగినట్టుగా ఉందని మాత్రమే, దానిని విమానంలో బిగించవచ్చని చెప్పదు.

హైదరాబాదులో ప్రత్యేకంగా మరొక అపోహ కనిపిస్తుంది. రక్షణ ప్రయోగశాలలకూ హెచ్‌ఏఎల్‌కూ పనిచేసిన సంస్థలు సెమిలాక్ దారికి అలవాటు పడి ఉంటాయి. బెంగళూరు కేంద్రంగా ఉన్న సెమిలాక్ సైనిక విమానాల అర్హతను చూస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి మన నగరంలోనూ ఉంది. అక్కడి నియమావళి ఐఎమ్‌టీఏఆర్-21. ఆ దారిలో పొందిన అనుమతి ఎంత కష్టపడి సాధించినదైనా పౌర విమానానికి దానంతటదే చెల్లదు. అమెరికా సైనిక ప్రమాణమైన మిల్-స్టాండర్డ్-810 ప్రకారం చేసిన కంపన పరీక్షను, మిల్-స్టాండర్డ్-461 ప్రకారం చేసిన విద్యుదయస్కాంత పరీక్షను పౌర ప్రమాణంతో వరుసవారీగా పోల్చి, ఏది సరిపోతుందో ఏది సరిపోదో రాతపూర్వకంగా వాదించి ఒప్పించవలసి ఉంటుంది. చాలా సందర్భాల్లో మళ్లీ పరీక్షించడమే తక్కువ ఖర్చుతో తేలుతుంది.

విదేశాల్లో అమ్మాలన్న ఉద్దేశం ఉంటే ఒకేసారి డీజీసీఏకూ, అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకూ, ఐరోపా నియంత్రణ సంస్థ ఈఏఎస్‌ఏకూ విడివిడిగా దరఖాస్తులు పెట్టడం తెలివైన పని కాదు. సాధారణంగా తయారీదారు దేశపు నియంత్రణ సంస్థ మొదట పరిశీలించి ధ్రువీకరిస్తుంది, మిగిలినవి దేశాల మధ్య ఉన్న ఒప్పందాల మేరకు ఆ ధ్రువీకరణను సరిచూసి అంగీకరిస్తాయి. భారత్, అమెరికాల మధ్య విమాన భద్రతా ఒప్పందం 2011లో కుదిరింది. మీ పరికరం దాని పరిధిలోకి వస్తుందో లేదో దాని అమలు విధాన పత్రాన్ని చదివి, దరఖాస్తుకు ముందే డీజీసీఏ అధికారులను అడిగి తేల్చుకోవాలి.

దరఖాస్తుదారుకు ఉండవలసిన అర్హత కూడా ఉంది. ఐటీఎస్‌ఓ అనుమతి కోరే సంస్థ తన డిజైన్ పద్ధతులను రాతపూర్వకంగా నిర్ణయించుకుని ఉండాలి, తయారీ విభాగం సీఏఆర్-21 అడిగే నాణ్యతా వ్యవస్థ కింద పనిచేయాలి. ఈ ఏర్పాటుకు పట్టే కాలాన్ని ఎవరూ ముందుగా లెక్కలోకి తీసుకోరు. పరికరం సిద్ధమైపోయి, దానిని తయారు చేసే హక్కు కోసం ఎదురుచూస్తూ కూర్చునే పరిస్థితి అందుకే వస్తుంది.

మొదటి ప్రశ్న: ఈ పెట్టె తప్పు చెబితే ఏమవుతుంది

సర్క్యూట్ గీయడానికి ముందు, ఒక్క వరుస కోడ్ రాయడానికి ముందు ఈ ప్రశ్నకు సమాధానం రాయాలి. మిగిలిన పనంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ తొందరపడకూడదని నా గట్టి అభిప్రాయం.

పరికరం రెండు విధాలుగా విఫలం కావచ్చు. ఒకటి, సమాచారం ఆగిపోవడం. తెర మీద వేగం ఉండవలసిన చోట ఎర్రటి కొట్టివేత గుర్తు కనిపిస్తుంది, పైలట్ స్టాండ్‌బై పరికరం వైపు చూస్తాడు. రెండవది, తప్పుడు అంకె సరైన అంకెలా కనిపించడం. ఈ రెండవదే ప్రాణాలు తీస్తుంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరంలో కూలిన బర్గన్‌ఎయిర్ 757లో కెప్టెన్ వైపు వేగసూచిక తప్పుడు వేగాన్ని చూపింది. పిటో గొట్టం మూసుకుపోవడమే అందుకు కారణమని దర్యాప్తు తేల్చింది, 189 మంది చనిపోయారు. అదే సంవత్సరం అక్టోబరు 2న లిమా దగ్గర ఏరోపెరూ 757 కూలి 70 మంది మరణించారు. విమానాన్ని శుభ్రపరిచేటప్పుడు స్టాటిక్ రంధ్రాల మీద అంటించిన టేపును తీయడం మరిచిపోయారు. ఈ రెండింటిలోనూ కంప్యూటర్ తనకు అందిన పీడనాన్ని సరిగ్గానే లెక్కగట్టింది. 2008 అక్టోబరు 7న క్వాంటాస్ 72 విమానంలో మాత్రం లోపం పెట్టెలోనే ఉంది. ఒక ఎయిర్ డేటా యూనిట్ దాడికోణానికి (ఎదురుగాలికీ రెక్కకూ మధ్య ఉండే కోణానికి) అసంబద్ధమైన విలువలను పంపగా, విమానాన్ని నడిపే కంప్యూటర్ వాటిని నమ్మి ఎయిర్‌బస్ ఏ330 ముక్కును ఒక్కసారిగా కిందికి వంచింది. ప్రయాణికులు పైకప్పుకు తగిలి గాయపడ్డారు.

మన ఉదాహరణలో ఇది ఎక్కడ కనిపిస్తుందంటే, విమానంలోని పరికరాలు సమాచారం పంపుకునే ఏరింక్ 429 తీగ మీద వెళ్లే ప్రతి 32 బిట్ల మాటలోనూ (డేటా ముక్కలోనూ) మొదటి ఎనిమిది బిట్లు ఆ అంకె ఏమిటో చెబుతాయి: 203 అయితే ఎత్తు, 206 అయితే వేగం. చివరి బిట్‌కు ముందు ఉండే రెండు స్థితి బిట్లు ఆ అంకెను నమ్మవచ్చో లేదో చెబుతాయి. ఆ రెండు బిట్లను ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చాలన్నది మీ డిజైన్‌లో అత్యంత బరువైన నిర్ణయం.

ఈ విశ్లేషణను ఎస్‌ఏఈ మార్గదర్శక పత్రమైన ఏఆర్‌పీ4761 పద్ధతిలో చేసి, వ్యవస్థ స్థాయి అభివృద్ధిని ఏఆర్‌పీ4754 ప్రకారం నడపాలి. రెండింటికీ 2023 డిసెంబరులో కొత్త కూర్పులు వచ్చాయి. పెద్ద రవాణా విమానాల విషయంలో నియంత్రణ సంస్థలు అడిగే సంభావ్యతలు మన లెక్కలో సులభంగా గుర్తుంటాయి. స్వల్ప లోపం విమాన గంటలు వెయ్యింటికి ఒకటి దాటకూడదు, పెద్ద లోపం లక్షకు ఒకటి, ప్రమాదకరమైనది కోటికి ఒకటి, విమానాన్నే కోల్పోయే లోపం వంద కోట్లకు ఒకటి. చిన్న విమానాలకు ఈ మెట్లు తక్కువగా ఉంటాయి. ఎఫ్‌ఏఏ సలహా పత్రం ప్రకారం ఒకే పిస్టన్ ఇంజిన్ ఉన్న తేలికపాటి విమానానికి చివరి మెట్టు పది లక్షల గంటలకు ఒకటి, అభివృద్ధి హామీ స్థాయి (పని ఎంత కఠినంగా జరగాలో చెప్పే మెట్టు, అన్నిటికన్నా కఠినమైనది ఏ) కూడా ఏ నుంచి సీకి దిగుతుంది. ఏ విమానంలో పెట్టాలన్నది ముందే నిర్ణయించుకోకపోతే అక్కరలేని చోట కోట్లు ఖర్చు పెడతారు, లేదా సీ స్థాయిలో తయారు చేసి ఏ స్థాయి అడిగే విమానం ముందు నిలబడతారు.

సాఫ్ట్‌వేర్

సాఫ్ట్‌వేర్‌కు 2011 డిసెంబరులో వెలువడిన డీఓ-178సీ, ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే నిర్ణయించుకోగల చిప్) వంటి సంక్లిష్ట హార్డ్‌వేర్‌కు 2000లో వచ్చిన డీఓ-254 ఆధారం. డీఓ-178సీ ఏ స్థాయికి 71 లక్ష్యాలను, బీకి 69ని, సీకి 62ని, డీకి 26ని పెడుతుంది. మొదట రాయవలసింది పీశాక్ అనే ప్రణాళిక పత్రం. పరికరం ఏమిటి, ఏ స్థాయి, ఎలా అభివృద్ధి చేస్తారు, ఎలా సరిచూస్తారు, ఏ పనిముట్లు వాడతారు అన్నది అందులో చెప్పి నియంత్రణ సంస్థ అంగీకారం పొందాలి. ఆ తరువాత ఎస్‌ఓఐ అని పిలిచే నాలుగు తనిఖీలు వస్తాయి: ప్రణాళికల మీద ఒకటి, అభివృద్ధి మధ్యలో ఒకటి, పరీక్షల మధ్యలో ఒకటి, చివర ఒకటి. మొదటి తనిఖీకి ముందే కోడ్ అంతా రాసేసి, ప్రణాళికలను ఆ కోడ్‌కు సరిపోయేలా తరువాత తయారు చేసే సంస్థలున్నాయి. ఇది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆవశ్యకత పత్రం (పరికరం ఏమి చేయాలో చెప్పేది) తేదీ కోడ్ తేదీ కన్నా తరువాతిదా కాదా అని కాన్ఫిగరేషన్ రికార్డుల్లో చూడటం తనిఖీ చేసేవారికి పది నిమిషాల పని.

ఆవశ్యకతలు రాయడంలో మన ఇంజినీర్లు చేసే పొరపాటు ఒకటి చెబుతాను. ‘పరికరం ఎత్తును కచ్చితంగా చూపాలి’ అని రాస్తారు. దానిని పరీక్షించడం ఎలా? ఏ పీడన పరిధిలో, ఎంత తేడాలోపు, ఇన్‌పుట్ మారిన ఎన్ని మిల్లీసెకన్లలోపు అన్నది ఉంటేనే అది ఆవశ్యకత అవుతుంది. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక పీడనం 1013.25 హెక్టోపాస్కల్స్ అయితే, సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదు బల్ల మీద పీడనం దాదాపు 950 ఉంటుంది. కాబట్టి బల్ల మీద అంతా సరిగ్గా కనిపించినా సముద్రమట్టానికి దిగువనున్న విమానాశ్రయంలో ఎత్తు రుణసంఖ్య అయినప్పుడు ఏం జరుగుతుందో మీరు చూడలేదన్నమాట. అటువంటి అంచు విలువలు ఆవశ్యకతల్లోనే కనిపించాలి. పరీక్ష రాసేవారి ఊహకు వదిలిపెట్టకూడదు.

ప్రతి ఆవశ్యకత నుంచి డిజైన్‌కు, డిజైన్ నుంచి కోడ్‌కు, కోడ్ నుంచి పరీక్షకు రెండు దిశల్లోనూ జాడ ఉండాలి. పై ఆవశ్యకత నుంచి రాకుండా డిజైన్ మధ్యలో పుట్టుకొచ్చిన ఆవశ్యకతలను, ఉదాహరణకు సెన్సార్ విలువను నాలుగుసార్లు చదివి సగటు తీసుకోవాలన్న నిర్ణయాన్ని, భద్రతా విశ్లేషణ చేసేవారికి తప్పనిసరిగా పంపాలి. ఆ సగటు వల్ల వచ్చే ఆలస్యం ఆటోపైలట్‌కు హాని చేస్తుందో లేదో చెప్పవలసింది వారే. ఈ ఉత్తరప్రత్యుత్తరాలు లేకపోవడమే నేను చూసిన తనిఖీల్లో ఎక్కువసార్లు తేలిన లోపం.

కవరేజీ గురించి మన వాళ్లకు ఎక్కువ చెప్పనక్కరలేదు. సీ స్థాయిలో ప్రతి స్టేట్‌మెంట్, బీ స్థాయిలో ప్రతి నిర్ణయం, ఏ స్థాయిలో ఎమ్‌సీడీసీ (నిర్ణయంలోని ప్రతి షరతు ప్రభావాన్నీ విడిగా చూపడం) అవసరం. ‘వేగం చెల్లుతుంది, ఎత్తు చెల్లుతుంది, విమానం గాలిలో ఉంది’ అనే మూడు షరతులున్న నిర్ణయానికి ఎనిమిది కలయికలు అక్కరలేదు; ప్రతి షరతూ మిగతావి మారకుండా తానొక్కటే ఫలితాన్ని మార్చగలదని చూపే నాలుగు పరీక్షలు చాలు. అయితే ఆ నాలుగు ఆవశ్యకతల నుంచి పుట్టాలి. కోడ్ చూసి కవరేజీ నింపడానికి రాసిన పరీక్ష కోడ్‌లోని తప్పునే సరైనదని నిర్ధారిస్తుంది. కోడ్ రాసిన మనిషే దానిని సరిచూడటం పై స్థాయిల్లో చెల్లదు. పదిమంది కూడా లేని సంస్థకు ఇది నిజంగా కష్టమైన షరతు కనుక మనుషుల కేటాయింపును పీశాక్‌లోనే ఆలోచించుకోవాలి. మీరు వాడే పనిముట్టు ఏదైనా ఒక సరిచూపును మనిషికి బదులు చేస్తూ, దాని ఫలితాన్ని మరెవరూ చూడకపోతే, ఆ పనిముట్టుకు కూడా పనిముట్ల అర్హతకు సంబంధించిన డీఓ-330 ప్రకారం అర్హత సాధించాలి. బహుళ కోర్‌ల ప్రాసెసర్ వాడాలన్న ఉత్సాహం ఉంటే, తప్పనిసరి అయితే తప్ప మొదటి పరికరంలో వద్దంటాను.

వాతావరణ పరీక్షలు

పరికరం వేడి, కంపనం, మెరుపు వంటివాటిని తట్టుకుంటుందో లేదో పరీక్షించే పద్ధతులను చెప్పే డీఓ-160జీ 2010 డిసెంబరులో వచ్చింది. ఉష్ణోగ్రత, ఎత్తు నాలుగవ విభాగంలో, కంపనం ఎనిమిదిలో, విద్యుత్ సరఫరా 16లో, రేడియో తరంగాల ప్రభావం 20లో, పరికరం వెలువరించే తరంగాలు 21లో, మెరుపు వల్ల తీగల్లో పుట్టే విద్యుత్తు 22లో ఉంటాయి. ప్రతి విభాగంలో పరికరం ఉండే చోటును బట్టి వర్గాన్ని ఎంచుకోవాలి. కాక్‌పిట్ ప్యానెల్ వెనుక ఉండే పెట్టెకూ, ఇంజిన్ గదిలో ఉండే పెట్టెకూ కంపన వక్రరేఖలు వేరు. ఎంచుకున్న వర్గాలను తరువాత పరికరం వెంట వెళ్లే పత్రంలో ప్రకటిస్తారు కాబట్టి తక్కువ వర్గంతో తప్పించుకుంటే అమర్చే దశలో కొనుగోలుదారు తిరస్కరిస్తాడు. మెరుపు పరీక్ష, తరంగాల పరీక్షలను కేవలం ఒక పెట్టెతో కాకుండా అసలు పొడవున్న తీగలతో, అసలైన కనెక్టర్లతో చేయాలి. చాలా వైఫల్యాలు పెట్టెలో ఉండవు, తీగ చుట్టూ ఉన్న కవచాన్ని కనెక్టర్‌కు కలిపిన చోట ఉంటాయి.

ఇక్కడ నా అనుభవంలోని ఒక నష్టం చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో కంపన పరీక్షలన్నీ విజయవంతంగా ముగిశాయి. ఆ తరువాత సాక్ష్యాలను సరిచూస్తున్నప్పుడు పరీక్షకు పంపిన బోర్డు మీద ఒక కెపాసిటర్‌ను చేతితో మార్చి సోల్డర్ చేసినట్టు, డ్రాయింగ్‌లో మాత్రం పాత విలువే ఉన్నట్టు తేలింది. మార్పు చిన్నది, మంచిది కూడా. కానీ పరీక్షించిన వస్తువు, కాగితం మీద ఉన్న వస్తువు ఒకటే అని చూపలేకపోయాం కనుక పరీక్షలన్నీ మళ్లీ చేయవలసి వచ్చింది. అందుకే పరీక్షకు ముందు కన్ఫర్మిటీ తనిఖీ జరగాలి: బోర్డు కూర్పు, సాఫ్ట్‌వేర్ కూర్పు, సీరియల్ నంబరు, పరీక్షా పరికరాల క్యాలిబ్రేషన్ తేదీలు రాసి సంతకం చేయాలి. పరీక్షా ప్రణాళికను నియంత్రణ సంస్థకు ముందుగా పంపి, వారు సాక్షిగా వస్తారో లేదో అడిగి, ఆ తరువాతే ప్రయోగశాలలో తేదీ తీసుకోవాలి. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలైనా ఆ గుర్తింపు మీరు చేయదలచిన పరీక్షకు వర్తిస్తుందో లేదో దాని జాబితాలో చూసుకోవాలి.

విమానంలో అమర్చడం, ఆ తరువాత

అన్ని సాక్ష్యాలూ చేరాక డిజైన్, పనితీరు ప్రకటన పత్రాన్ని రాసి, పరికరం ఏ ప్రమాణానికి తగినదో, ఎక్కడ మినహాయింపులున్నాయో, ఏ వర్గాల్లో పరీక్షించారో ప్రకటిస్తారు. దాని ఆధారంగా విమానం డిజైన్ మార్పుకు ఎస్‌టీసీ అనే అనుబంధ అనుమతిని కోరవచ్చు, లేదా విమాన తయారీదారు తన టైప్ సర్టిఫికెట్‌లోనే (ఆ రకం విమానం డిజైన్‌కు ఇచ్చే మూల అనుమతిలోనే) చేర్చుకోవచ్చు. భద్రతా విశ్లేషణ మళ్లీ ఇక్కడ తెరుచుకుంటుంది. రెండు ఎయిర్ డేటా కంప్యూటర్లు ఒకే పిటో గొట్టం నుంచి పీడనం తీసుకుంటుంటే రెండు ఉన్నాయన్న ధైర్యం ఉత్తదే. నేల మీద విమానంలోని రేడియోలన్నీ ఒక్కొక్కటిగా నడుపుతూ మీ పరికరం పనితీరు చెదురుతుందేమో చూడటం, ఆ తరువాత విమాన పరీక్ష, నిర్వహణ సూచనల పుస్తకం, పైలట్ పుస్తకానికి అనుబంధం ఈ దశలోనివే. స్టాటిక్ రంధ్రాల మూతలు తీశారా అని చూడమని ఆ నిర్వహణ పుస్తకంలో రాసే ఒక్క వాక్యానికి లిమా ప్రమాదం తెలిసినవారు ఇచ్చే విలువ వేరు.

అనుమతి వచ్చిన తరువాత సంస్థ బాధ్యత పెరుగుతుంది. విమానానికి ముప్పు తెచ్చే లోపం బయటపడితే ఐరోపా నియమాల ప్రకారం 72 గంటల్లోపు, అమెరికా నియమాల ప్రకారం 24 గంటల్లోపు నివేదించాలి. ఆదివారం రాత్రి ఫోన్ ఎత్తేదెవరో, నివేదిక మీద సంతకం చేసేదెవరో ముందే నిర్ణయించి రాసుకోవాలి. భాగాల తయారీదారు ఒక ప్రెషర్ సెన్సార్‌ను ఆపివేసి దాని స్థానంలో మరొకటి ఇస్తే అది చిన్న మార్పా, పెద్ద మార్పా అని వర్గీకరించి, పెద్దదైతే తిరిగి అనుమతి కోరాలి. అందుకని సెన్సార్లను, ప్రాసెసర్‌ను ఎంచుకునే రోజునే అవి ఎన్నేళ్లు దొరుకుతాయో అడగండి. ఇక ఏదైనా ఒక పెట్టె లోపంతో వెనక్కు వచ్చినప్పుడు దానిని బల్ల మీద పెట్టి వెంటనే విప్పకండి. వచ్చిన స్థితిలో ఫోటో తీసి, అందులోని లోపాల జ్ఞాపకాన్ని చదివి దాచుకుని, ఆ విమానం నుంచి పిటో, స్టాటిక్ గొట్టాల స్థితి గురించి రాతపూర్వకంగా సమాధానం వచ్చిన తరువాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.